కూతురి పేరు మీద పార్సిళ్లు

దుర్గాప్రసాద్ నైట్ డ్యూటీ దిగి వచ్చి "ఉప్మాలో జీడిపప్పు వేశావా?" అని అడిగాడంటే ఆయన మనసు బాగున్నట్టు. బాగాలేని రోజున ప్లేటులో ఏముందో కూడా చూడడు, తిని పడుకుంటాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్లో ఇరవై రెండేళ్లుగా షిఫ్టులు చేస్తున్న మనిషి. మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. నవ్వు పండక్కో పబ్బానికో. అలాంటివాడు ఆ పొద్దున స్నానం చేసి వచ్చి, జీడిపప్పు సంగతి అడిగి, పైగా కూతుర్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ ఫారమేదో సంతకం పెట్టాలన్నావుగా, తీసుకురా."

కీర్తన ఫారం, పెన్నూ పట్టుకుని ఏడింటి నుంచీ అదే పని మీద ఉంది. ఇంటర్ అయిపోయింది, ఫిషరీస్ సైన్స్ డిగ్రీలో సీటు వచ్చింది. కాలేజీ నెల్లూరు వైపు, హాస్టల్లో ఉండాలి. తండ్రి సంతకంతో ఫారం, మొదటి ఏడాది ఫీజు ఆ రోజు సాయంత్రం ఐదు లోపల ఆన్‌లైన్లో చేరాలి. ఐదు దాటితే సీటు తర్వాతి ర్యాంకు వాళ్ళకి పోతుంది. ఆడపిల్లకు చేపల చదువేంటని దుర్గాప్రసాద్ నెల రోజులు ముఖం ముడుచుకు తిరిగాడు. కానీ కైకలూరు దగ్గర మేనమామల చెరువుగట్ల మీద సెలవులన్నీ గడిపిన పిల్ల అది. రొయ్యకు ఏ రోగమొస్తే తోక ఏ రంగుకు తిరుగుతుందో అన్నం తింటూ చెబుతుంది. వినలేక కొంత, ముచ్చటేసి కొంత, ఆఖరికి ఆయనే దిగొచ్చాడు.

"నాలుగేళ్లు హాస్టల్లో ఉంటావు. నీ చేతికి డబ్బిచ్చి పంపిస్తున్నాను. ఎలా ఖర్చు పెడుతున్నావో అక్కడ చూసేవాళ్ళు ఉండరు," అన్నాడు పెన్ను మూత తీస్తూ.

"తెలుసు నాన్నా."

"నీ మీద నాకు ఆ నమ్మకం ఉంది."

మాట కూతురితో అన్నా చూపు వంటింటి గుమ్మం వైపు వెళ్ళింది. అక్కడ నిలబడిన ఉషశ్రీ ఆ చూపు తగలకుండా స్టవ్ వైపు తిరిగిపోయింది.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

ఉషశ్రీ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పాలు వచ్చేశాయి, పేపరు వచ్చేసింది. ఆ వేళప్పుడు పైకి వచ్చేవాళ్ళెవరూ లేరు. ఆవిడ చేయి తుడుచుకుని వచ్చేలోపే దుర్గాప్రసాద్ లేచి తలుపు తీశాడు.

బయట పార్సిళ్లు తెచ్చే ఆమోసు. యాభై దాటిన మనిషి, రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నాడు.

"కీర్తన గారి పేరున పార్సిలండి. పద్నాలుగు వందల యాభై ఇవ్వాలి. కింద తెరేసమ్మ గారింటికి తాళం వేసుందండి, అందుకని పైకొచ్చాను."

"మా పార్సిల్‌కీ తెరేసమ్మ గారికీ ఏంటి సంబంధం?" అన్నాడు దుర్గాప్రసాద్.

"ఎప్పుడూ అక్కడే ఇస్తాం కదండి. వారానికి రెండో మూడో వస్తూనే ఉంటాయిగా." అనేశాక ఎదుటి మనిషి ముఖం చూసి ఆమోసు గొంతు తగ్గించాడు. ఇచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని, చిల్లర సంగతి కూడా మాట్లాడకుండా మెట్లు దిగిపోయాడు.

ఇక్కడ ఎనిమిది నెలల కిందటి సంగతి చెప్పుకోవాలి. అప్పట్లో పార్సిళ్లు ఉషశ్రీ పేరు మీదే వచ్చేవి. రోజూ పదకొండింటికి ఫోన్లో ఒకావిడ లైవ్ పెట్టి చీరలు అమ్ముతుంది. ఒక్కో రకం ఒక్కటే పీసు. చీర భుజం మీద వేసుకుని చూపిస్తుంది. ముందు ఎవరు స్క్రీన్‌షాట్ తీసి వాట్సప్‌లో పంపితే వాళ్ళకే. ఆలోచించుకున్నవాళ్ళకు దక్కదు. ఉషశ్రీ ఆలోచించడం మానేసింది. పెట్టుబడికి పనికొస్తాయి, ఇంటికొచ్చిన ఆడవాళ్ళకు బొట్టు పెట్టి ఇవ్వడానికి ఉండాలిగా అని ప్రతిసారీ తనకు తనే చెప్పుకుంది. ఆ లెక్కన కృష్ణా జిల్లా ముత్తయిదువలంతా వరసకట్టి వచ్చినా ఆ ఇంట్లో చీరలకు లోటుండదు.

మంచాల కింద పార్సిళ్లు బయటపడిన రోజున దుర్గాప్రసాద్ కేకలేయలేదు. బ్యాగు సర్దుకుని ఇబ్రహీంపట్నం క్వార్టర్స్‌లో స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. పదకొండు రోజులు రాలేదు. ఆయన తండ్రి రామకోటేశ్వరరావు కనిపించిందల్లా కొనే మనిషి. పశువుల సంతకు ఊరికే చూడ్డానికి వెళ్ళి ఎద్దుల జతతో వచ్చేవాడు. రోజుకు రెండు గంటలు కూడా కరెంటుండని ఊరికి ఫ్రిజ్ తెచ్చాడు. చివరికి మాగాణి పోయి, ఎవరి రైస్‌మిల్లులోనో గుమాస్తాగా కన్నుమూశాడు. అందుకే కొనే చేతిని చూస్తే దుర్గాప్రసాద్‌కు కోపం కాదు, భయం.

పన్నెండో రోజు కీర్తన ఒక్కతే బస్సెక్కి వెళ్ళి తండ్రిని తీసుకొచ్చింది. ఆయన గుమ్మంలో ఉండగానే ఉషశ్రీ కూతురి తల మీద చేయి వేసి ఒట్టేసింది. "నా పేరు మీద ఒక్క పార్సిల్ కూడా ఇక ఈ గడప తొక్కదు."

రెండు నెలలు నిలబడింది ఆ ఒట్టు. తర్వాత ఒకరోజు లైవ్‌లో నెమలికంఠం రంగు చీర చూసి స్క్రీన్‌షాట్ పంపేసింది. పేరు చెప్పమని మెసేజ్ వస్తే, ఉషశ్రీ వేలు ఆగి, 'కీర్తన' అని టైపు చేసింది. అడ్రసు కింద ఫ్లాట్ తెరేసమ్మది, ఇవ్వాల్సిన డబ్బు ఇంటిఖర్చులోంచి మిగిల్చి ముందే ఆమె చేతిలో పెట్టేది. తన పేరు మీద రాలేదు, తన గడప తొక్కలేదు. ఒట్టు చెక్కుచెదరలేదు, బిడ్డకు ఏ కీడూ జరగదు. దేవుడికే లిటిగేషన్ పెట్టానని ఆవిడకు అప్పుడు అనిపించలేదు.

"ఇది నీదా?" దుర్గాప్రసాద్ పార్సిల్‌ను బల్ల మీద పెట్టాడు.

కీర్తన పైనున్న పేరు చదివింది. తల ఎత్తి తల్లిని చూసింది. ఉషశ్రీ చూపు నేల మీదికి దించుకుంది.

"నాదే నాన్నా."

"ఏముంది ఇందులో?"

"చీర. కాలేజీలో ఫ్రెషర్స్ డేకి."

"వారానికి రెండు మూడు వస్తున్నాయట. అన్ని ఫ్రెషర్స్ డేలు ఉంటాయా మీ కాలేజీలో?"

కీర్తన పార్సిల్‌ను తన వైపు లాక్కుంది.

"డబ్బెక్కడిది?"

"అమ్మ పర్సులోంచి తీశాను."

ఆ పిల్ల జన్మలో పావలా తీసి ఎరగదు.  ఇప్పుడు చెప్పాలి, ఈ క్షణమే చెప్పాలి అనుకుంది ఉషశ్రీ. దుర్గాప్రసాద్ ఆవిడ వైపు తిరిగాడు.

"నీకు తెలుసా ఇదంతా?"

"తెలీదండీ," అంది ఉషశ్రీ.

అనేసింది. ఎవరో తన నోటితో అన్నట్టుగా విని, అన్నది తనేనని తెలిసి అలాగే గోడకు ఆనుకుంది. దుర్గాప్రసాద్ సంతకం పెట్టని ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"హాస్టలూ వద్దు, ఏమీ వద్దు. ఇక్కడే ఏదో ఒక డిగ్రీలో చేరు. నా కళ్ళ ముందుంటావు. మా నాన్న రక్తం ఎక్కడికి పోతుందిలే." గది గుమ్మం దగ్గర ఆగాడు. "నన్నెవరూ లేపొద్దు."

ఉప్మా చల్లారిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు.

వంటింట్లో కూతురు చేతిని పట్టుకుని ఉషశ్రీ గుసగుసగా అడిగింది. "ఎందుకే నీదని చెప్పావు?"

"మరేం చెప్పమంటావు?" కీర్తన చేయి విడిపించుకుని సింకు దగ్గర గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. "నాకు మూడు నెలల కిందటే తెలుసు. పాలకి వెళ్తే తెరేసమ్మ ఆంటీ, 'నీ పేరు మీద పార్సిళ్లు ఎక్కువైపోయాయి కీర్తనా, మా అలమరలో చోటు లేదు' అంది. నావి కాదనలేదు నేను."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఏం చేస్తావు? ఇంకో ఒట్టేస్తావు. నాన్న మళ్ళీ వెళ్ళిపోతే నేను తీసుకురాలేను అమ్మా. ఆ గది నువ్వు చూడలేదు. కిటికీ దగ్గర చాప వేసుకుని, పొద్దునా సాయంత్రం బ్రెడ్డు తింటున్నారు. నన్ను చూసి, 'మీ అమ్మ తిన్నదా' అని అడిగారు." గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది. "సీటు పోతే పోనీ. వచ్చే ఏడు ఎంట్రన్స్ మళ్ళీ రాస్తాను."

"నేను చెప్తాను. లేవగానే చెప్తాను."

"చెప్పొద్దు."

"చెప్తానే."

కీర్తన కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

నిజంగానే చెప్పాలనుకుంది ఉషశ్రీ. గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళింది. లోపల ఫ్యాను చప్పుడు. మాటలు పేర్చుకుంటూ, పేర్చినవి చెరిపేసుకుంటూ వంటింటి స్టూలు మీద కూర్చుంది. మనసు కుదుటపడక ఫోను చేతిలోకి తీసుకుంది. టైము చూడ్డానికే తీసుకుంది. పదకొండు దాటి ఐదు నిమిషాలు.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పమంటే ఆవిడ చెప్పలేకపోయేది. లైవ్ ఎప్పుడు తెరిచిందో తెలీదు. గోధుమరంగు చీర, సన్నటి మెరూన్ అంచు. "ఒక్కటే పీసండీ, చూసుకోండి మరి," అంటోంది ఫోన్లో ఆవిడ. గుండె దడదడలాడింది. అది కంగారు కాదు, హాయి. పొద్దుటి నుంచీ గొంతుకు అడ్డంపడిందేదో కిందికి జారినట్టయింది. వేలు రెండు బటన్లు నొక్కింది, బొమ్మ వెళ్ళిపోయింది.

"బుక్ అయిపోయిందండీ. కీర్తన గారు, పటమట. థాంక్యూ కీర్తన గారు."

ఉషశ్రీ తల ఎత్తింది. గుమ్మంలో కీర్తన నిలబడి ఉంది. తన పేరు అంత ముద్దుగా ఎవరు పిలిచారా అని వచ్చినట్టుంది.

"ఇప్పుడు కూడానా అమ్మా?"

అరవలేదు, ఏడవలేదు. అడిగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఉషశ్రీ ఫోనును బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది.  సరదా అనుకుంది ఇన్నాళ్ళూ. మానాలనుకుంటే మానగలననుకుంది. కూతురి సీటు పోతున్న రోజున, అదీ కూతురి పేరు మీదే, మళ్ళీ కొన్నది. ఇది తన చేతిలో లేదన్న సంగతి ఆవిడకు మొదటిసారి అర్థమయింది. అర్థమయ్యాక భర్తంటే ఉన్న భయం కాస్త చిన్నదయింది, దానికంటే పెద్ద భయం వచ్చింది గనుక.

అయినా మూడింటి దాకా ధైర్యం చాలలేదు. మూడుంబావుకు గది తలుపు తోసింది.

"ఏమండీ, లేవండి."

"లేపొద్దన్నానుగా."

"ఆ పార్సిళ్లు నావి."

దుర్గాప్రసాద్ మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్ళు నులుముకున్నాడు. ఆవిడ మంచం పట్టీ పట్టుకుని నిలబడి మొత్తం చెప్పింది. నెమలికంఠం చీర దగ్గర్నుంచి, పేరు మార్చడం, తెరేసమ్మ ఇల్లు, పొద్దున తెలీదని అన్నది అబద్ధమని, కీర్తన ఏ పర్సూ ముట్టలేదని. ఆయన అంతా విని నిట్టూర్చాడు.

"చూడు ఉషా. సీటు పోతోందని నీ నెత్తిన వేసుకుంటున్నావు. తల్లివి, నీ బాధ నాకు తెలుసు. కానీ దాన్ని ఇలాగే వెనకేసుకొస్తే రేపు ఇంకా చెడిపోతుంది."

"కాదండీ, నిజంగా నేనే."

"దాని తల మీద చేయి వేసి ఒట్టేసినదానివి. ఏ తల్లీ ఆ పని చేయదు."

ఆయన ఆ మాట వెక్కిరింతగా అనలేదు. నిజంగా నమ్మి అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా ఉషశ్రీ తట్టుకునేది. ఆ నమ్మకాన్ని తట్టుకోలేకపోయింది.

"నేను చేశాను," అంది.

ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గడియారంలో మూడున్నర.

ఉషశ్రీ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. గుణదల చర్చికి పూజకు వెళ్ళిన తెరేసమ్మ అప్పుడే వచ్చి తాళం తీస్తోంది. రిటైరైన నర్సు, ఒంటరి మనిషి. ఉషశ్రీ ముఖం చూడగానే సంచీ కింద పెట్టేసింది.

"ఆంటీ, నా పార్సిళ్లన్నీ కావాలి. ఇప్పుడే."

"అన్నీనా? ఒక్కదానివే మొయ్యలేవమ్మాయ్. పద, నేనూ వస్తాను."

దుప్పటిలో మూటగట్టి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పైకి తెచ్చారు. మధ్యలో రెండుసార్లు ఆగారు. హాల్లో నేల మీద పోస్తే అవి టీవీ బల్ల దాకా దొర్లాయి. చప్పుడుకు దుర్గాప్రసాద్ బయటికొచ్చాడు. కీర్తన తన గది గుమ్మంలోంచి చూస్తోంది. పార్సిళ్లు యాభై దాకా ఉన్నాయి, ఒక్కదానికీ టేపు కూడా ఊడలేదు.

"నా తప్పు కూడా ఉందండీ," అంది తెరేసమ్మ ఆయాసపడుతూ. "నీ పేరు కాకుండా పిల్ల పేరేంటని ఉషను నేను అడగాల్సింది. ఊరికే పెట్టుకోమంది కదా అని ఊరుకున్నాను."

"అన్నిటి మీదా కీర్తన పేరే ఉంది," అన్నాడు దుర్గాప్రసాద్. ఆయన చూపు ఇంకా కూతురి మీదే.

ఉషశ్రీ నేల మీద చతికిలబడింది. ఒక పార్సిల్ చేతిలోకి తీసుకుని తారీఖు చూసింది. "ఇందులో ఉన్నది మామిడిపిందె రంగు మంగళగిరి. అంచు వెండిజరీ. జాకెట్టు ముక్క విడిగా ఉంటుంది. విప్పండి."

దుర్గాప్రసాద్ కాసేపు చూసి, వంగి, కత్తెరతో విప్పాడు. మామిడిపిందె రంగు. వెండిజరీ.

"ఇది వంగపండు రంగు. చిన్న బుటాలు. పమిట మీద మాత్రం పెద్దవి."

విప్పాడు. అదే.

"ఇది నలుపూ ఎరుపూ గళ్ళు. నీళ్ళలో వేస్తే రంగు పోతుందేమోనని ఆవిణ్ణి అడిగాను కూడా."

మూడోది విప్పాక దుర్గాప్రసాద్ నేల మీద కూర్చున్నాడు.  పదిహేడేళ్ల కూతురికి ఆ చీరల్లో ఒక్కదాని పేరు కూడా తెలీదని ఆయనకు అర్థమయింది. అక్కడితో ఆగిపోవచ్చు. కానీ చేతులు ఊరుకోక ఇంకోటి తీశాడు. "ఇందులో?"

ఉషశ్రీ తారీఖు చూసింది. ఆలోచించింది. "తెలీదండీ."

"ఇందులో?"

"ఆకుపచ్చేమో." విప్పితే పసుపు.

"ఇందులో?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన కత్తెర పెట్టి కోశాడు. లోపల మామిడిపిందె రంగు మంగళగిరి, వెండిజరీ అంచు. మొదట విప్పిన చీర పక్కనే ఉంది. నూలు దగ్గర్నుంచి జరీ దాకా రెండూ ఒకటే. ఉషశ్రీ ఆ రెంటినీ చెరో చేత్తో పట్టుకుంది. ఒకటి మార్చిలో, ఒకటి మే నెలలో. రెండోది కొన్నప్పుడు కూడా, ఇంత మంచి రంగు ఎప్పుడూ చూడలేదని అనుకున్నట్టు గుర్తు.

"ఉన్నదే మళ్ళీ కొన్నానండీ," అంది. అప్పుడు ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచీ రానిది. తెరేసమ్మ వచ్చి వీపు మీద చేయి వేసింది. దుర్గాప్రసాద్ ముట్టుకోలేదు.

"నాన్నా," అంది కీర్తన మెల్లిగా. "నాలుగున్నర."

ఆయన ఉలిక్కిపడ్డాడు. జేబులోంచి ఫారం తీసి, మడతలు మోకాలి మీద రుద్ది సాపు చేసి, సంతకం పెట్టాడు. పెన్ను రెండు చోట్ల కాగితాన్ని చించింది. కీర్తన ఫోటో తీసి ఎక్కించింది. ఆయన ఫోన్లో ఫీజు పేజీ తెరుచుకుని తిరుగుతూనే ఉంది. మూసి మళ్ళీ తెరిచారు. ఓటీపీ రాలేదు. నాలుగూ నలభై అయింది. ఇంకోసారి నొక్కారు. నలుగురూ ఆ చిన్న తెర మీదికి వంగి ఉన్నారు, ఊపిరి పీలుస్తున్నారో లేదో తెలీదు. నాలుగూ నలభై ఎనిమిదికి పచ్చటి టిక్కు పడింది.

ఎవరూ సంతోషించలేదు. తెరేసమ్మ సిలువ గుర్తు వేసుకుని కిందికి వెళ్ళిపోయింది.

"ఎందుకు?" అని అడిగాడు దుర్గాప్రసాద్. "ఒక్కటైనా కట్టావా? విప్పావా? ఏం తక్కువ చేశాను నీకు?"

"మీరేం తక్కువ చేయలేదు." ఉషశ్రీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు నైట్ చేసొచ్చి పడుకుంటారు. అది కాలేజీకో కోచింగ్‌కో పోతుంది. పదకొండు నుంచి ఇంట్లో చప్పుడుండదు. ఆ లైవ్‌లో ఆవిడ నా పేరు పిలిచేది. ఉషశ్రీ గారు, పటమట నుంచి, భలే పట్టారండీ అనేది. ఏదో గెలిచినట్టుండేది. చీర వచ్చాక ఆ సంతోషం ఉండదు. అందుకే విప్పను. తర్వాత నా పేరు కూడా కాదు, దీని పేరు పిలిచేది. అయినా మానలేకపోయాను. ఇవాళ పదకొండింటికి కూడా కొన్నాను. మీరు ఆ గదిలో ఉండగానే."

ఆయన విప్పిన చీరను మడిచి పక్కన పెట్టాడు. తండ్రి చేతికి డబ్బు అందితే ఆ ముఖంలో వచ్చే వెలుగు గుర్తొచ్చి ఉంటుంది. చివరికి అలిసిన గొంతుతో అన్నాడు. "సరే. ఇంకెప్పుడూ కొననని ఒట్టెయ్యి. పేరు అదీ ఇదీ లేకుండా, మొత్తానికే కొననని."

ఉషశ్రీ కూతురి వైపు చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వెయ్యను."

"ఏంటి?"

"వెయ్యనండీ. వేసి నిలబెట్టుకునే శక్తి నాకు లేదు. రేపు పదకొండింటికి నా చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలీదు. దీని తల మీద పెట్టి అబద్ధం ఆడలేను."

కీర్తన ఒక్కసారిగా భోరుమంది. పొద్దుటి నుంచీ పెద్దదానిలా నిలబడ్డ పిల్ల గోడ వారగా జారిపోయి, మోకాళ్ళలో తల పెట్టుకుని, ఎక్కిళ్ళ మధ్య మాట్లాడింది.

"మొన్న ఎంట్రన్స్ పరీక్షల్లో జ్వరం వచ్చిందిగా. అది ఆ ఒట్టు వల్లే అనుకున్నా. కోచింగ్‌కి స్కూటీ మీద బెంజి సర్కిల్ దాటుతుంటే రోజూ భయమేసేది. పార్సిల్ వచ్చిందని తెలిస్తే ఆ రోజు బండి తీసేదాన్ని కాదు, ఆటోలో పోయేదాన్ని. నువ్వు కొన్నప్పుడల్లా నాకేదో అవుతుందని, నాన్నకు చెప్తే నిన్ను వదిలేసి పోతారని..." మిగతాది ఏడుపులో పోయింది.

మూడు నెలలు. మూడు నెలలుగా ఆ పిల్ల చచ్చిపోతానేమోనని భయపడుతూ అన్నం తిన్నది, చదివింది, నవ్వింది. తల్లి ఒట్టును తప్పించుకున్నాననుకుంది గానీ దాన్ని కూతురు ఒంటరిగా మోసింది. ఉషశ్రీ దగ్గరికి వెళ్ళలేక, దూరంగా ఉండలేక, ఆ చీరల మధ్యే మోకాళ్ళ మీద కూర్చుని "నన్ను క్షమించవే తల్లీ" అంటూ ఉండిపోయింది. దుర్గాప్రసాద్ లేచి వెళ్ళి కూతుర్ని పొదివి పట్టుకున్నాడు. ఇంటిని వదిలి వెళ్ళిన ఆ పదకొండు రోజులూ ఆయనకు అప్పుడు మొదటిసారి తప్పుగా కనిపించాయి.

రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ ఆయన క్యారియర్ తీసుకున్నాడు. లుంగీ, తువ్వాలు కూడా బ్యాగులో పెట్టుకున్నాడు. ఉషశ్రీ చూసింది, అడగలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఒక్కటే అంది.

"రేపు పదకొండింటికి నా దగ్గర కూర్చుంటారా? ఒక్కదాన్నీ ఉండలేను."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన రోజూ వచ్చే ఏడున్నర దాటింది. ఎనిమిదిన్నర. తొమ్మిది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నిన్న బుక్ చేసిన చీర వద్దని ఉషశ్రీ ఆ లైవ్ ఆవిడకు మెసేజ్ పెట్టింది. నంబరు తీసేయమని కూడా రాసి, ఫోను మళ్ళీ బియ్యం డబ్బాలో పెట్టేసింది. చేతులు ఖాళీగా ఉంచకూడదని గోరుచిక్కుళ్ళు ముందేసుకుంది. గోరుచిక్కుళ్ళు అయిపోయాయి. పదింబావు. కీర్తన బాల్కనీలోంచి రోడ్డు చూసి లోపలికి వస్తోంది, మళ్ళీ వెళ్తోంది. ఇద్దరూ ఆ మాట ఎత్తడం లేదు. పదిన్నరకు ఉషశ్రీ బియ్యం డబ్బా వైపు చూడకుండా ఉండటానికి గోడ వైపు తిరిగి కూర్చుంది.

పదీ యాభైకి తలుపు చప్పుడైంది.

దుర్గాప్రసాద్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. బ్యాగు కింద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "క్వార్టర్స్‌కి వెళ్ళాను. గది తాళం కూడా తీశాను. కూర్చోలేకపోయాను." వంటింట్లోకి వచ్చి, స్టూలు లాక్కుని, భార్యకు ఎదురుగా కూర్చున్నాడు.

పదకొండింటికి బియ్యం డబ్బాలో ఫోను గుర్రుమంది. ఉషశ్రీ చేతులు చీర కుచ్చిళ్ళను పట్టుకున్నాయి. నుదుట చెమట పట్టింది. ఇంత చిన్నదానికా అని పక్కనున్నవాళ్ళకు అనిపించవచ్చు. ఆవిడకు మాత్రం తలుపవతల ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంది.

"ఏదైనా చెప్పు అమ్మా," అంది కీర్తన. "నీ చిన్నప్పటిది."

"ఏముంటాయే చెప్పడానికి."

"ఏదో ఒకటి. చెరువుల సంగతి చెప్పు."

ఉషశ్రీ తడబడుతూ మొదలుపెట్టింది. తుఫానుకు గట్టు తెగి చేపలన్నీ పొలాల్లోకి పోతే, తాతయ్య వరి మడుల్లో బుట్టలతో పరిగెత్తిన సంగతి. తనకు తొమ్మిదేళ్లు. గౌనులో పట్టిన చేప జారిపోతే ఏడ్చింది. ఆ చేప ఎంత ఉందో దుర్గాప్రసాద్ అడిగాడు. పెళ్ళయి ఇరవై ఏళ్లయినా ఆ సంగతి ఆయనకు తెలీదు. ఇంత ఉందని చేతులు చాపి చూపించింది. అంత ఉండదులే అన్నాడు. ఉందండీ అంది. ఫోను మధ్యలో మళ్ళీ రెండుసార్లు గుర్రుమంది. ఒకసారి ఆవిడ మాట తెగింది, కీర్తన "తర్వాత?" అంది.

"అమ్మా, పన్నెండున్నర," అంది చివరికి.

"అయిపోయిందా?" ఉషశ్రీ ఆశ్చర్యంగా గడియారం చూసింది. ఆ తర్వాత నోటికి కొంగు అడ్డుపెట్టుకుని ఏడ్చింది. ఒక్క పూట. దానికి ఇంటిల్లిపాదీ కావాల్సి వచ్చింది. రేపు మళ్ళీ పదకొండవుతుంది.

దుర్గాప్రసాద్ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నారు ఇద్దరూ. కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"రేపటి నుంచి నాకు పగలు డ్యూటీ. సెలవు పెడతాను."

ఇరవై రెండేళ్లలో ఆయన జ్వరానికి తప్ప సెలవు పెట్టలేదు. ఉషశ్రీ వద్దనలేదు.